బేస్ ఎప్పుడు వదలాలో నేర్పిన క్యాంపు: విజయనగరంలో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ వేసవి కోచింగ్‌పై రివ్యూ

నిరుడు దసరాకు ముందు జరిగిన ఒక స్కూలు సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో మా అమ్మాయి ఫస్ట్ బేస్ మీద ఉంది, అంటే బంతి కొట్టిన పిల్ల పరిగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ మీద. పిచర్ (బంతి వేసే పిల్ల) చెయ్యి ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది, బంతి ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది, మా అమ్మాయి రెండో బేస్ వైపు దూకేసింది. అంపైర్ వెంటనే ఆట ఆపి అవుట్ అన్నారు. బంతితో ఎవరూ తాకలేదు, బేస్ మీదకి ఎవరూ బంతి విసరలేదు. అది ఎందుకు అవుటో మా అమ్మాయికి తెలీదు, గట్టు మీద కూర్చున్న నాకు తెలీదు, అప్పట్లో తనకి ఆట నేర్పుతున్న ఆయనకీ సరిగ్గా తెలీదని తర్వాత అర్థమైంది. ఇంటికి వచ్చేదాకా స్కూటీ వెనకాల కూర్చుని ఏడుస్తూనే ఉంది. మా అత్తగారు "ఏటమ్మా, పరిగెత్తే ఆటలో పరిగెత్తితే తప్పేటి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ వేసవిలో ఆ జవాబు దొరికింది, అది ఇచ్చిన క్యాంపు గురించే రాస్తున్నాను. ఆడపిల్లల్ని సాఫ్ట్‌బాల్‌కి పంపాలనుకునే అమ్మానాన్నలకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఈ క్యాంపుకి బోర్డు లేదు, పేరు కూడా లేదు. రిటైరైన ఒక పీఈటీ మాస్టారు, ఆయన దగ్గరే ఆడి ఇప్పుడు టీచర్ ట్రైనింగ్ చేస్తున్న ఒక అమ్మాయి కలిసి మే నెలంతా ఒక కాలేజీ గ్రౌండ్‌లో నడిపారు. పొద్దున్న ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. నెలకి 1,200 రూపాయలు, కట్టలేని పిల్లల దగ్గర తీసుకోలేదు. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలు 26 మంది వచ్చారు. మేం కంటోన్మెంట్ వైపు నుంచి వెళ్తాం కాబట్టి మాకు ఇబ్బంది లేదు గానీ నెల్లిమర్ల నుంచి, గుర్ల నుంచి తెల్లవారుజామున ఆటో పట్టుకుని వచ్చిన పిల్లలున్నారు, వాళ్ళ పట్టుదలకి దణ్ణం పెట్టాలి.

మొదటి వారం బ్యాటు ముట్టుకోనివ్వలేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకి నచ్చలేదు, నాక్కూడా మొదట నచ్చలేదు, డబ్బులు కట్టి పంపిస్తే పిల్లల చేత ఉత్త పరుగులు తీయిస్తున్నారేంటి అనుకున్నాను. కానీ అవి ఉత్త పరుగులు కాదు. మాస్టారు బంతి లేకుండా చెయ్యి తిప్పేవారు, పిల్లలంతా వరసగా బేస్ మీద ఒక కాలు ఆన్చి ఆయన చేతినే చూస్తూ నిలబడేవారు. బంతి చెయ్యి వదిలే చోటు తుంటి పక్కన ఉంటుంది కదా, చెయ్యి అక్కడికి వచ్చినప్పుడు మాత్రమే కదలాలి. అంతకంటే ముందు కదిలితే వెనక్కి. ఒక్కోసారి ఆయన చెయ్యి తిప్పి మధ్యలో ఆపేసేవారు, సగం మంది ముందుకి తూలి పడేవారు. రెండో రోజు నుంచి నిజం బంతితో చేయించి, అసిస్టెంట్ అమ్మాయి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి ఒక్కొక్కరికీ చూపించింది. మా అమ్మాయి కాలు బేస్ వదిలేసరికి బంతి ఇంకా వేళ్ళ మధ్యనే ఉండటం ఆ చిన్న తెర మీద నేనూ చూశాను. నిరుడు అంపైర్ చూసింది సరిగ్గా అదే. ఏడు నెలలుగా ఆ పెద్దాయన మీద మనసులో పెట్టుకున్న కోపం ఆ రోజు పోయింది.

రూల్ ఇది. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ చేతి నుంచి బంతి బయటపడేదాకా రన్నర్, అంటే బేస్ మీదున్న పిల్ల, బేస్‌ని అంటిపెట్టుకునే ఉండాలి. ముందే వదిలితే బంతి డెడ్, అంటే ఆట అక్కడే ఆగుతుంది, ఆ పిచ్ (పిచర్ వేసిన బంతి) లెక్కలోకి రాదు, రన్నర్ అవుట్. పిచ్ లెక్కలోకి రాదు అన్నమాట పిల్లలకి మూడో వారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో బాగా తెలిసొచ్చింది. గుర్ల నుంచి వచ్చే పాప ఆ నెలకంతటికీ గొప్ప షాట్ కొట్టింది, బంతి ఫీల్డర్లను దాటి గోడ దాకా పోయింది, అందరూ అరుస్తున్నారు. సెకండ్ బేస్ మీదున్న పిల్ల ముందే కదిలింది కాబట్టి ఆ షాట్ లేదన్నారు మాస్టారు. రన్నర్ అవుట్, కొట్టిన పిల్ల వెనక్కి వచ్చి మళ్ళీ బ్యాటింగ్. ముందే వదిలిన పిల్ల వెళ్ళి ఆ పాప చెయ్యి పట్టుకుని "సారీయే" అని చెప్పుకుంది. తన తొందర ఇంకొకరి కష్టాన్ని తుడిచేస్తుందని పన్నెండేళ్ళ పిల్లకి ఎన్ని మాటలు చెప్పినా అంతలా ఎక్కదు.

మరి ఇంటర్నెట్లో వీడియోల్లో రన్నర్లు బేస్‌కి పది పన్నెండు అడుగుల దూరం పోయి నిలబడతారు, పిచర్ గబుక్కున తిరిగి ఫస్ట్ బేస్‌కి విసురుతాడు, వీళ్ళు పొట్ట మీద పడి వెనక్కి పాకుతారు కదా అని అడిగాను. అది బేస్‌బాల్ అమ్మా అన్నారు మాస్టారు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మా అమ్మాయికి అంతకు ముందు నేర్పినాయన బేస్‌బాల్ వీడియోలు చూపించి, "లీడ్ తీసుకో, పిచర్ నీ వైపు విసిరితే వెనక్కి దూకు" అని చెప్పారు. లీడ్ అంటే బంతి వేయకముందే బేస్ వదిలి ముందుకి జరగడం. బేస్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు, అందుకని అక్కడ రన్నర్ ముందుకి జరగొచ్చు, జరిగినవాణ్ణి పిచర్ పికాఫ్ చేయొచ్చు, అంటే ఆ బేస్‌కి బంతి విసిరి అవుట్ చేయించొచ్చు. ఆ విసుర్లు మరీ ఎక్కువైపోయి ఆట సాగదీస్తున్నారని అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2023 నుంచి ఒక బ్యాటర్ ఆడుతున్నంతసేపట్లో పిచర్ రెండుసార్లే అలా ప్రయత్నించొచ్చని, మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి ఉచితంగా ఒక బేస్ ఇవ్వాలని రూల్ పెట్టారు. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య 60 అడుగులే. అంత దగ్గరలో లీడ్ కూడా ఇస్తే స్టీల్ చేయడం, అంటే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తేయడం, మంచినీళ్ళు తాగినట్టు అయిపోతుంది. రన్నర్ బేస్ మీదే ఉన్నప్పుడు పిచర్ పికాఫ్ చేయడానికి ఏమీ ఉండదు, పైగా తను నిలబడి బంతి వేసే ప్లేట్ మీద కాలు పెట్టి పిచింగ్ పొజిషన్ తీసుకున్నాక బేస్ వైపు విసరడం తప్పు కూడా. ఒకే కుటుంబం ఆటలే అయినా ఈ ఒక్క విషయంలో పూర్తిగా వేరు, అది తెలీకుండా నేర్పితే పిల్లలకి నష్టం.

మనవాళ్ళకి క్రికెట్‌తో చెప్తే తొందరగా తెలుస్తుంది, మాస్టారు కూడా అలాగే చెప్పారు. నాన్‌స్ట్రైకర్ క్రీజు ముందే వదిలితే బౌలర్ వికెట్లు పడగొట్టొచ్చు కదా, 1947లో వినూ మన్కడ్ ఆస్ట్రేలియాలో చేసింది, 2022లో లార్డ్స్‌లో దీప్తి శర్మ చేసింది అదే. అప్పుడు ఇది ఆటస్ఫూర్తేనా కాదా అని ఎంత వాదించుకున్నారో మనకి తెలుసు. సాఫ్ట్‌బాల్‌లో ఆ వాదన రాదు. పిచర్ ఏమీ చేయక్కర్లేదు, అంపైరే చూసి అవుట్ ఇస్తారు. నాకు వ్యక్తిగతంగా ఈ పద్ధతే నచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల మధ్య "నువ్వు మోసం చేశావ్" అనే మాట రాకుండా ఉంటుంది.

అలా అని సాఫ్ట్‌బాల్‌లో పికాఫ్ లేదనుకోకండి. ఉంది, అది బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ చేతిలో ఉంది. ఈ క్యాంపులో నాకు అన్నిటికంటే బాగా నచ్చిన భాగం ఇదే.

బంతి పిచర్ చెయ్యి దాటగానే రన్నర్ మూడు నాలుగు పెద్ద అడుగులు వేస్తుంది. బ్యాటర్ కొడితే పరుగే, కొట్టకపోతే వెనక్కి రావాలి. ఆ వెనక్కి వచ్చే ఒకటి రెండు క్షణాలే క్యాచర్‌కి దొరికే అవకాశం. పిల్లలు ఏం చేస్తారంటే, బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిందనగానే ఇక అయిపోయిందనుకుని తల దించుకుని, వీపు తిప్పేసి మెల్లగా నడుచుకుంటూ బేస్‌కి వస్తారు. క్యాచర్ లేచిన ఊపులోనే ఫస్ట్ బేస్‌కి విసిరితే ఆ పిల్లకి తెలిసేసరికి ట్యాగ్ (బంతితో తాకి అవుట్ చేయడం) అయిపోయి ఉంటుంది. బ్యాటర్ ఆడే హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్‌కి 60 అడుగులు, సెకండ్ బేస్‌కి అడ్డంగా దాదాపు 85 అడుగులు. పన్నెండేళ్ళ పిల్ల సెకండ్‌కి గురిగా విసరడం కష్టం గానీ ఫస్ట్‌కి విసరగలదు. అందుకే ఈ వయసులో ఫస్ట్ బేస్ పికాఫ్ మీదే ఎక్కువ కష్టపడాలని మాస్టారు అంటారు. ఇంకో తెలివైన సంగతి చెప్పారు. అవతలి జట్టు బంట్ చేస్తుందనిపిస్తే, అంటే బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా దగ్గర్లోనే పడేస్తుందనిపిస్తే, ఫస్ట్ బేస్‌లో ఉండే పిల్ల ముందుకి ఉరుకుతుంది, బేస్ ఖాళీగా ఉందని రన్నర్ ధీమాగా ఇంకో రెండడుగులు ఎక్కువ వేస్తుంది. అప్పుడు సెకండ్ బేస్ ఫీల్డర్ రన్నర్ వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి ఫస్ట్ బేస్ కవర్ చేయాలి, క్యాచర్ అక్కడికి విసరాలి. మా అమ్మాయిని సెకండ్ బేస్ ఫీల్డర్‌గా పెట్టి ఇదే పది రోజులు చేయించారు. ఇంట్లో కూడా హాల్లో సోఫాని ఫస్ట్ బేస్ అనుకుని తమ్ముడి వెనక నుంచి పిల్లిలా నడిచేది.

రన్నర్లకి ఇచ్చిన జాగ్రత్త కూడా అంతే వివరంగా ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు కళ్ళు బంతి మీద, భుజం పిచర్ వైపు, ఆఖరి రెండడుగులు వేగంగా. బేస్ చేరాక కూడా బంతి ఎవరి దగ్గరుందో చూడకుండా మోకాళ్ళ దుమ్ము దులుపుకోవద్దని చెప్పారు.

దీని తర్వాత వచ్చేది సర్కిల్ రూల్. దీన్ని పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం నిజంగా కష్టం, పెద్దవాళ్ళకే తికమక. పిచర్ నిలబడే చోటు చుట్టూ 8 అడుగుల వ్యాసార్ధంతో సున్నంతో గీసిన వృత్తం ఉంటుంది. ఆ వృత్తంలో పిచర్ చేతిలో బంతి ఉందంటే, బేస్ బయట ఉన్న రన్నర్ వెంటనే తేల్చుకోవాలి, ముందు బేస్‌కా, వెనక బేస్‌కా. అక్కడే నిలబడి పిచర్‌ని ఊరించడానికి వీల్లేదు, ఒక దిక్కు పట్టాక మనసు మార్చుకోవడానికీ వీల్లేదు, అలా చేస్తే అవుట్. పిచర్ ఎవరినైనా అవుట్ చేయడానికి విసిరినా, విసిరినట్టు చెయ్యి ఆడించినా ఆ బంధం తెగిపోతుంది, రన్నర్ మళ్ళీ స్వేచ్ఛగా కదలొచ్చు. ఇది చెప్పడానికి మాస్టారు బోర్డు మీద బొమ్మలు వెయ్యలేదు. నేల మీద సర్కిల్ గీసి, పిల్లల్ని బేస్‌ల మధ్య నడిపిస్తూ, పిచర్ పిల్ల సర్కిల్లోకి అడుగు పెట్టగానే విజిల్ వేసేవారు. విజిల్ వినగానే ఎటో ఒకటి పరుగే. రెండు రోజుల తర్వాత విజిల్ మానేశారు, పిచర్ పాదం చూసి పిల్లలే పరిగెత్తాలి. కబడ్డీలో గీత దాటడం, ఖోఖోలో "ఖో" అనకముందే లేవకూడదనడం మన పిల్లలకి చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి ఈ గీతల రూల్స్ వాళ్ళకి కొత్తేమీ కాదని ఆయన నమ్మకం. నాకూ నిజమే అనిపించింది.

గాల్లోకి లేచిన బంతి గురించి ఒక్క మాట. బ్యాటర్ కొట్టిన బంతి గాల్లోకి లేస్తే, క్యాచ్ పట్టాకే రన్నర్ బేస్ వదిలి ముందుకి పోవాలని నేను అనుకునేదాన్ని, చాలామంది అలాగే అనుకుంటారు. కాదు, ఫీల్డర్‌ని బంతి మొదటిసారి తాకగానే వదలొచ్చు. గ్లవ్‌లో తుళ్ళి తుళ్ళి చివరికి పట్టుకున్నా మొదటి స్పర్శే లెక్క. ఫస్ట్ బేస్ దగ్గర పక్కపక్కనే తెలుపు, నారింజ రెండు సంచులు ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలిసింది. కొట్టి పరిగెత్తే పిల్ల బయటి వైపు నారింజ రంగుది తొక్కాలి, ఫీల్డర్ తెల్లది తొక్కాలి, ఇద్దరూ ఢీకొనకుండా. ఇక్కడ అవి కొన్నవి కాదు, గోనె సంచుల్లో ఇసుక కుట్టి రంగు వేసినవి, అయినా పని జరిగింది.

ఇప్పుడు బాగోలేనివి. మొట్టమొదటిది, నేను గట్టిగా చెప్పాల్సినది, హెల్మెట్లు. 26 మందికి రెండే ఉన్నాయి. బ్యాటింగ్ చేసే పిల్లకి ఒకటి, ఇంకొకటి ఎవరో ఒకరికి. రన్నర్లు కూడా హెల్మెట్ పెట్టుకోవాల్సిన ఆట ఇది, అందులోనూ క్యాచర్ రన్నర్ వైపే గట్టిగా విసిరే పికాఫ్ ప్రాక్టీస్ చేయిస్తున్నప్పుడు తల మీద ఏమీ లేకుండా పిల్లల్ని నిలబెట్టడం తప్పు. పేరు సాఫ్ట్‌బాల్ గానీ ఆ బంతి మెత్తగా ఏమీ ఉండదు. రెండో వారంలో ఒక పాపకి భుజానికి తగిలింది, నాలుగు వేళ్ళ వెడల్పున కమిలింది, అదే చెవి మీదైతే? నేనూ ఇంకో ఇద్దరు అమ్మలూ వెళ్ళి అడిగాం. మాస్టారు ఎదురు మాట్లాడలేదు, ఆ రోజు నుంచే పికాఫ్ ప్రాక్టీస్ టెన్నిస్ బంతితో చేయించారు. అది మంచిదే, కానీ మొదటి రోజు నుంచే చేయాల్సింది.

రెండోది గ్రౌండ్. ఎర్రమట్టి, కింద గులకరాళ్ళు. స్లైడింగ్ (నేల మీద జారుతూ బేస్ చేరడం) నేర్పుతానన్నారు, నేర్పలేకపోయారు, మొదటి ప్రయత్నంలోనే ఇద్దరి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. తర్వాత ఒక మూల ఇసుక పోయించి తడిపి, అట్టముక్కల మీద కాస్త చేయించారు. రన్నింగ్‌లో సగం విద్య స్లైడింగే, అది ఈ క్యాంపులో రాలేదనే చెప్పాలి. ఆడపిల్లలకి బాత్రూమ్ సంగతి ఇంకా ఇబ్బంది, కాలేజీ గదులు ఎనిమిదింటికి గానీ తెరవరు. ఎడమచేతి వాటం ఉన్న ఒక పాపకి సరిపడే గ్లవ్ నెలంతా దొరకలేదు, పాపం తిరగేసి తొడుక్కుని ఆడింది.

మంచినీళ్ళు, తిండి విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఏడింటికి అందరికీ పల్చటి చోడి (రాగి) అంబలి, మజ్జిగ కలిపి ఉప్పేసి స్టీలు గ్లాసుల్లో ఇచ్చేవారు. మాస్టారి భార్య ఇంటి నుంచి క్యాన్‌లో పంపేవారట. ఇంట్లో అంబలి అంటే మొహం తిప్పుకునే మా అమ్మాయి అక్కడ రెండు గ్లాసులు తాగేది.

మన ఉత్తరాంధ్రలో ఆడపిల్లల ఆట అంటే అందరూ కొండవెలగాడ ఊరి వెయిట్‌లిఫ్టర్లని, కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి తెచ్చిన కాంస్యాన్ని గుర్తు చేసుకుంటారు, చేసుకోవాలి కూడా. సాఫ్ట్‌బాల్ ఒలింపిక్స్‌లో వస్తూ పోతూ ఉంది. 1996 నుంచి 2008 దాకా ఉంది, మళ్ళీ టోక్యోలో ఆడించారు, ఫైనల్లో జపాన్ అమెరికాని 2-0తో ఓడించింది, పారిస్‌లో తీసేశారు, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి మళ్ళీ చేర్చారు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 నుంచీ ఉంది. కాబట్టి దీన్నేదో టైమ్‌పాస్ ఆట అనుకుని పంపకండి, పంపితే మాత్రం రూల్స్ తెలిసినవాళ్ళ దగ్గరికి పంపండి.

ఆఖరి రోజు ఏడు ఇన్నింగ్స్ మ్యాచ్ పెట్టారు, తల్లిదండ్రులందరూ వచ్చారు, మా అత్తగారు కూడా. ఐదో ఇన్నింగ్స్‌లో మా అమ్మాయి ఫస్ట్ బేస్ మీద ఉంది. నాకు టెన్షన్, చేతిలో సీసా మూత తిప్పుతూనే ఉన్నాను. పిచర్ చెయ్యి తిరిగింది, మా అమ్మాయి ముందుకి వంగింది గానీ కాలు కదల్లేదు. బంతి చెయ్యి వదిలాకే కదిలింది. నాలుగడుగులు వేసింది, బ్యాటర్ మిస్ అయింది, నెల్లిమర్ల నుంచి వచ్చే క్యాచర్ పాప కూర్చున్న చోటు నుంచే ఫస్ట్‌కి విసిరింది. మా అమ్మాయి అప్పటికే బంతిని చూస్తూ వెనక్కి దూకింది, చెయ్యి బేస్ మీద పడ్డాక ట్యాగ్ పడింది. సేఫ్. రెండు బంతుల తర్వాత మళ్ళీ విసిరింది ఆ పాప, ఈసారి సెకండ్ బేస్ ఫీల్డర్ వెనక నుంచి వచ్చింది, మా అమ్మాయి చూసుకోలేదు, అవుట్. బయటికి వస్తూ ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి నీళ్ళు తాగి, "అమ్మా, అది నేను నేర్చుకున్నదే, నా మీదే వేశారు" అంది. మామ్మకి కూర్చుని మొత్తం వివరించింది, ఎందుకు సేఫో, ఎందుకు అవుటో.

రేటింగ్ అడిగితే కోచింగ్‌కి ఐదుకి ఐదు, వసతులకి రెండు. దసరా సెలవుల్లో పది రోజులు మళ్ళీ పెడతామన్నారు. వచ్చేవాళ్ళు పిల్లలకి మోకాళ్ళ ప్యాడ్లు, పొడుగు సాక్సులు, సొంత నీళ్ళ సీసా ఇచ్చి పంపండి. ఎడమచేతి వాటమైతే గ్లవ్ ముందే చూసి పెట్టుకోండి. హెల్మెట్లకి మేం ఆరుగురు అమ్మలం తలా కొంత వేసుకుంటున్నాం, ఇప్పటికి మూడింటికి డబ్బులు కుదిరాయి, కనీసం ఆరు కావాలి.